ఇంటి కంప్యూటరుకు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్: ఏది కొనాలి, ఏ కేబుల్‌తో కలపాలి?

వేసవి సెలవులు ఇంకా పది రోజులున్నాయనగా మా బడి స్టాఫ్ రూములో టేబుల్ మీది నుంచి ఒక నల్లటి డబ్బా కింద పడింది. అరచేతిలో పట్టేంత డబ్బా. తీసి మళ్లీ కంప్యూటరుకు తగిలిస్తే లోపల 'టిక్... టిక్...' మని కొట్టుకుంది. తెర మీద మాత్రం ఏమీ రాలేదు.

ఆ డబ్బాలో మా పన్నెండేళ్ల పని ఉంది. మాది హోసూరు వైపు ఒక తెలుగు మాధ్యమం బడి. పాఠ్యపుస్తకాలు ఆలస్యమైన ఏడాది పిల్లలకు జిరాక్సు తీసి ఇచ్చిన పాఠాలు, మేమే తెలుగులో రాసుకున్న గణితం, సైన్సు వర్క్‌షీట్లు, యూనిట్ పరీక్షల ప్రశ్నపత్రాలు, పూర్వ విద్యార్థుల ఫొటోలు అన్నీ అందులోనే. వాటికి తోడు, పిల్లలు తమ ఊళ్లలో అవ్వల దగ్గర కూర్చుని ఫోన్లలో రికార్డు చేసుకొచ్చిన పాటలు, పొడుపు కథలు. రాగులు విసిరేటప్పుడు పాడే పాటలు తొమ్మిది పాడిన ఒక అవ్వ అప్పటికే కాలం చేసింది.

'బ్యాకప్ అందులో ఉంది కదా' అని అందరం ధీమాగా ఉన్నాం. నిజానికి అది బ్యాకప్ కాదు. కంప్యూటరులో చోటు చాలక ఆ డబ్బాలోకి మార్చి, కంప్యూటరులోవి తుడిచేశాం. అంటే ఉన్నది ఒకే ప్రతి. ఈ తేడా మాకు అప్పుడు తెలిసింది.

బెంగళూరులో పోయిన డేటా తీసిచ్చేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లాం. వాళ్లు చెప్పిన ఖర్చు మా బడికి ఏడాది పొడవునా సుద్దముక్కలకు, రిజిస్టర్లకు, జిరాక్సులకు అయ్యే దానికన్నా ఎక్కువ. అంత పెట్టినా వస్తాయన్న హామీ లేదన్నారు. డబ్బా పట్టుకుని తిరిగొచ్చేశాం.

రెండు రోజుల తర్వాత ఒక పిల్ల తల్లి ఫోన్ చేసింది. 'అయ్యోరా, మా అవ్వ పాటలు నా ఫోను కార్డులో ఉండాయి. ఆపొద్దు మీరే ఎక్కించి ఇస్తిరి గదా' అంది. నిజమే, ఎప్పుడో ఆమె అడిగితే కాపీ చేసి ఇచ్చాం. మేము మరిచిపోయాం, ఆమె చెరపకుండా ఉంచుకుంది. తొమ్మిది పాటలూ దక్కాయి. వర్క్‌షీట్లలో సగానికి పైగా పిల్లల పాత నోట్సుల్లో అంటించుకున్న జిరాక్సులు చూసి మళ్లీ టైపు చేశాం. మిగతావి పోయినట్టే.

తర్వాత బడికీ, మా ఇళ్లకూ కొత్త డిస్కులు కొన్నాం. కొనే ముందు నలుగురిని అడిగి, కొన్నాక కొన్ని తప్పులు చేసి నేర్చుకున్న సంగతులు ఇవి. బళ్లారిలో అయినా, బరంపురంలో అయినా, షోలాపూర్‌లో అయినా తెలుగు బడి పరిస్థితి ఒక్కటే. రాష్ట్ర భాషలో పాఠం పోతే పక్క బడిలో అడిగి తెచ్చుకోవచ్చు. మన తెలుగు పాఠం పోతే అడగడానికి పక్కన ఇంకో తెలుగు బడి ఉండకపోవచ్చు.

ముందు లెక్క: ఎంత చోటు కావాలి?

అంగడికి వెళితే మొదట అడిగే ప్రశ్న 'ఎన్ని టీబీ కావాలి?' అని. జవాబు ఇంట్లోనే లెక్క వేసుకుని వెళ్లాలి.

ఏ4 కాగితం సైజు పేజీని 300 డీపీఐలో స్కాన్ చేసి జేపెగ్‌గా దాచుకుంటే సుమారు ఒకటి నుంచి రెండు ఎంబీ అవుతుంది. 200 పేజీల పుస్తకం 300 ఎంబీ అనుకుందాం. అలాంటివి 60 పుస్తకాలు దాచినా 18 జీబీ. ఫోనులో తీసిన ఫొటో సుమారు 3 ఎంబీ అనుకుంటే పది వేల ఫొటోలు 30 జీబీ. ఎంపీ3 రకం రికార్డింగు నిమిషానికి దాదాపు ఒక ఎంబీ, కాబట్టి 40 గంటల పాటలూ కథలూ రెండున్నర జీబీలో ఇమిడిపోతాయి. అవే పాటలను నాణ్యత తగ్గకుండా వేవ్ ఫైళ్లుగా ఉంచితే గంటకు 600 ఎంబీ పైన, 40 గంటలకు సుమారు 25 జీబీ. అన్నిటికన్నా ఎక్కువ చోటు తినేది వీడియో. ఫోనులో మామూలు హెచ్‌డీలో తీసిన గంట వీడియో ఏడెనిమిది జీబీ ఉంటుంది. మూడు గంటల వార్షికోత్సవం 24 జీబీ.

అన్నీ కలిపితే మా బడి మొత్తం వంద జీబీకి అటూ ఇటూ. అంటే 500 జీబీ డిస్కు ధారాళంగా చాలు, 1 టీబీ అయితే చాలా ఏళ్ల దాకా చూసుకోనక్కరలేదు. 'ఇంకో వెయ్యి వేస్తే రెట్టింపు చోటు సార్' అని అంగడిలో చెబుతారు. చోటు అవసరం లేనివారు ఆ డబ్బుకు ఇంకొంత కలిపి అదే సైజుది ఇంకొకటి కొనుక్కోవడం మేలు. ఒక పెద్ద డిస్కు కన్నా రెండు చిన్న డిస్కులు భద్రం.

ఇంకో మాట. 1 టీబీ అని కొన్న డిస్కు కంప్యూటరులో 931 జీబీ అని కనిపిస్తుంది. ఇందులో మోసం లేదు. తయారుచేసేవారు వెయ్యి చొప్పున లెక్కిస్తారు, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది. ఎనిమిదో తరగతి పిల్లలకు ఘాతాంకాల పాఠంలో మేము ఈ లెక్కనే ఇచ్చాం. 10 ఘాతం 12ను 2 ఘాతం 30తో భాగిస్తే 931 వస్తుంది.

తిరిగే డిస్కా, తిరగని డిస్కా?

ఎక్స్‌టర్నల్ డిస్కులు రెండు రకాలు. హార్డ్ డిస్క్‌లో అద్దంలా మెరిసే గుండ్రటి పళ్లేలు గిర్రున తిరుగుతుంటాయి. వాటి మీద వెంట్రుక మందం కూడా లేని ఎడంలో ఒక సూది లాంటి తల కదులుతూ చదువుతుంది, రాస్తుంది. చేతిలో పట్టే రకాల్లో ఈ పళ్లేలు చాలావరకు నిమిషానికి 5400 సార్లు తిరుగుతాయి. తిరుగుతున్నప్పుడు పడితే తల వెళ్లి పళ్లేన్ని గీరుతుంది. మా డబ్బాకు జరిగింది అదే. ఆ 'టిక్ టిక్' తల దారి దొరక్క కొట్టుకున్న చప్పుడు.

రెండోది ఎస్‌ఎస్‌డీ. ఇందులో తిరిగేవి ఏమీ లేవు, పెన్‌డ్రైవ్ లాగా అన్నీ చిప్పులే. కింద పడినా సాధారణంగా తట్టుకుంటుంది. వేగం నాలుగైదు రెట్లు, ఇంకా ఎక్కువ కూడా. బరువు తక్కువ. అయితే అంతే చోటుకు ధర ఎక్కువ. ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. ఎస్‌ఎస్‌డీని కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి బీరువాలో పెట్టేస్తే అందులోని సమాచారం మెల్లగా చెదిరిపోయే అవకాశం ఉంది. ఏడాదికి రెండు మూడు సార్లయినా తగిలించి చూస్తుండాలి.

మరి ఏది కొనాలి? రోజూ సంచిలో వేసుకుని ఇంటికీ బడికీ తిప్పేవారికి ఎస్‌ఎస్‌డీ. ఒక చోట పెట్టి, నెలకోసారి తీసి, కాపీ చేసి, మళ్లీ బీరువాలో పెట్టేవారికి హార్డ్ డిస్క్. ఇప్పుడు మేము బీరువాకు హార్డ్ డిస్క్, సంచికి చిన్న ఎస్‌ఎస్‌డీ వాడుతున్నాం.

హార్డ్ డిస్కుల్లోనూ రెండు సైజులు. రెండున్నర అంగుళాలది కంప్యూటరు కేబుల్ నుంచే కరెంటు తీసుకుంటుంది. మూడున్నర అంగుళాలది పెద్ద డబ్బా, దానికి వేరే అడాప్టరు పెట్టి గోడ ప్లగ్గులో గుచ్చాలి. పెద్దదానిలో చోటు ఎక్కువ వస్తుంది. కానీ కాపీ అవుతుండగా కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది, డిస్కు మాత్రం చటుక్కున ఆగిపోతుంది. రాస్తూ రాస్తూ ఆగితే ఫైళ్లు పాడవుతాయి. యూపీఎస్ లేని ఇళ్లకు, బడులకు చిన్నదే మంచిది.

కేబుల్ సంగతి: ఆకారం వేరు, వేగం వేరు

అందరూ తికమకపడేది ఇక్కడే. మేమూ పడ్డాం.

మొదట పాతవి చెప్పుకుందాం. పాత కంప్యూటర్లకు ఫైర్‌వైర్ అనీ, ఈ-సాటా అనీ వేరే రకం పోర్టులు ఉండేవి. ఇవి ఇప్పుడు కొత్త యంత్రాల్లో దాదాపు కనిపించవు. సెకండ్ హ్యాండ్‌లో అలాంటి డిస్కు చవకగా వస్తోందని కొనకండి, రేపు తగిలించే చోటు దొరకదు. థండర్‌బోల్ట్ అనేది 2011లో వచ్చింది. చాలా వేగం, చాలా ఖరీదు. గంటల కొద్దీ సినిమా ఎడిటింగు చేసేవారి అవసరం అది. ఇంటికీ బడికీ కావలసింది యూఎస్‌బీ ఒక్కటే.

యూఎస్‌బీలో తరాలున్నాయి. 2000లో వచ్చిన 2.0 వేగం సెకనుకు 480 మెగాబిట్లు. 2008లో వచ్చిన 3.0 వేగం 5 గిగాబిట్లు, అంటే పది రెట్ల పైన. తర్వాత 10 గిగాబిట్లది, 20ది, 40ది వచ్చాయి. మధ్యలో పేర్లు కూడా మార్చారు. 3.0 అన్నదాన్నే కొన్నాళ్లు 3.1 జెన్ 1 అన్నారు, ఇప్పుడు 3.2 జెన్ 1 అంటున్నారు. మూడు పేర్లకూ వేగం ఒక్కటే, 5 గిగాబిట్లు. కాబట్టి డబ్బా మీద పేరు చూడకండి, 'ఎన్ని గిగాబిట్లు' అని రాసి ఉందో చూడండి.

ఈ అంకెలు కాగితం మీది వేగాలు. నిజంగా ఫైళ్లు కదిలే వేగం తక్కువ. 2.0 పోర్టులో సెకనుకు 30 నుంచి 40 ఎంబీ వస్తే గొప్ప. 5 గిగాబిట్ల పోర్టులో 400 ఎంబీ దాకా వెళ్లవచ్చు. కానీ తిరిగే హార్డ్ డిస్క్ తనంతట తాను ఇవ్వగలిగేదే 100 నుంచి 130 ఎంబీ. కాలువ ఎంత వెడల్పుగా తవ్వినా బావిలో ఊరే నీరే కదా పారేది. కాబట్టి హార్డ్ డిస్క్ కొనేవారికి 5 గిగాబిట్ల పోర్టు సరిపోతుంది, 10 గిగాబిట్లంటూ ఎక్కువ డబ్బు పెడితే దండగ. ఎస్‌ఎస్‌డీ కొనేవారికి, అదీ కంప్యూటరులో 10 గిగాబిట్ల పోర్టు ఉంటేనే, ఆ ఖర్చుకు ఫలితం.

వంద జీబీ కాపీ చేయడానికి పట్టే సమయం సుమారుగా ఇలా ఉంటుంది:

- ఏ డిస్కు అయినా, 2.0 పోర్టులో: 45 నుంచి 50 నిమిషాలు
- హార్డ్ డిస్క్, 5 గిగాబిట్ల పోర్టులో: 15 నిమిషాలు
- ఎస్‌ఎస్‌డీ, 5 గిగాబిట్ల పోర్టులో: నాలుగైదు నిమిషాలు

ఇవి పెద్ద ఫైళ్ల లెక్కలు. వేల కొద్దీ చిన్న చిన్న ఫైళ్లు ఉంటే ఇంకా ఆలస్యమవుతుంది. అలాంటివాటిని ముందు జిప్ చేసి ఒకే ఫైలుగా మార్చి పంపితే త్వరగా అవుతుంది.

ఇక మేము చేసిన తప్పు. కొత్త డిస్కు కొని, బడిలోని పాత ల్యాప్‌టాప్‌కు తగిలించాం. గంట గడిచినా కాపీ అవుతూనే ఉంది. డిస్కు చెడిపోయిందనుకుని మరునాడు అంగడికి తీసుకెళ్లాం. అంగడతను ఏమీ మాట్లాడకుండా తన కంప్యూటరు వెనక నీలం రంగు పోర్టులో గుచ్చాడు. పరుగు తీసింది. 'డిస్కు బాగుంది సార్, మీ పోర్టు పాతది' అన్నాడు.

తమిళనాడు ప్రభుత్వం 2011 నుంచి హయ్యర్ సెకండరీ పిల్లలకు ఉచితంగా ఇచ్చిన ల్యాప్‌టాప్‌లు మా వైపు చాలా ఇళ్లలో ఇంకా ఉన్నాయి. అన్నలు, అక్కలు చదువుకున్నవే ఇప్పుడు తమ్ముళ్లు వాడుతున్నారు. మేము చూసిన పాత వాటిలో కొన్నింటికి 2.0 పోర్టులే ఉన్నాయి. కొన్నింటికి ఒకటి మాత్రం వేగవంతమైనది, మిగతావి పాతవి. గుర్తు పట్టడం తేలిక. లోపలి నాలుక నీలం రంగులో ఉన్నా, పక్కన 'ఎస్‌ఎస్' అనే ఇంగ్లిషు అక్షరాలు ఉన్నా అది 5 గిగాబిట్లదో, అంతకన్నా పైదో. కొన్ని కంపెనీలు నీలం రంగు వేయవు. అప్పుడు ల్యాప్‌టాప్ మోడల్ నంబరుతో వివరాలు చూసుకోవాలి. పాత పోర్టే ఉన్నా బెంగ వద్దు. కొత్త డిస్కు పాత పోర్టులోనూ పని చేస్తుంది, నెమ్మదిగా అంతే. రాత్రి భోజనానికి ముందు కాపీ పెట్టి లేస్తే సరి.

టైప్-సి గురించి ఒక మాట. టైప్-సి అన్నది ఆకారం పేరు, వేగం పేరు కాదు. ఎటు తిప్పి పెట్టినా దూరే ఆ చిన్న మూతి వెనక 2.0 ఉండవచ్చు, 40 గిగాబిట్లూ ఉండవచ్చు. ఫోను ఛార్జర్‌తో వచ్చే టైప్-సి కేబుళ్లు చాలావరకు 2.0 వేగానివే. డిస్కుతో వచ్చిన కేబుల్ పోగొట్టుకుని ఫోను కేబుల్ పెడితే 'డిస్కు నెమ్మదించింది' అనిపించేది అందుకే. డిస్కుతో వచ్చిన కేబుల్‌ను డిస్కుతోనే, రబ్బరు బ్యాండు వేసి ఉంచండి.

చాలా హార్డ్ డిస్కులకు డిస్కు వైపు రెండు ముక్కలు పక్కపక్కన అతికినట్టుండే వెడల్పాటి మూతి ఉంటుంది. దాని పేరు మైక్రో-బి. అది కొంచెం సున్నితం. పక్కకు లాగితే వదులవుతుంది. కొన్ని డిస్కుల్లో ఈ మూతిని లోపలి బోర్డుకే అతికించేస్తారు. అది విరిగితే లోపలి డిస్కును తీసి వేరే డబ్బాలో పెట్టుకునే వీలు కూడా ఉండదు. కేబుల్ పట్టుకుని డిస్కును వేలాడదీయవద్దని పిల్లలకు చెప్పండి.

కరెంటు సంగతి కూడా ఉంది. 2.0 పోర్టు 500 మిల్లీ ఆంపియర్లు ఇస్తుంది, 3.0 పోర్టు 900. హార్డ్ డిస్క్ తిరగడం మొదలయ్యేటప్పుడు ఎక్కువ అడుగుతుంది. డెస్క్‌టాప్ కంప్యూటరు ముందు వైపు పోర్టుల్లోనో, నలుగురు పంచుకునే చవక హబ్బులోనో పెడితే ఒక్కోసారి కరెంటు చాలక డిస్కు వస్తూ పోతూ ఉంటుంది. అప్పుడు వెనక వైపు పోర్టులో నేరుగా పెట్టి చూడండి. డిస్కు చెడిందని తేల్చడానికి ముందు చేయాల్సిన పని ఇది.

ఏ ఫార్మాట్ పెట్టుకోవాలి?

డిస్కు లోపల ఫైళ్లను సర్దే పద్ధతులు మూడు కనిపిస్తాయి. ఫ్యాట్32 పాతది, అన్నిటిలోనూ తెరుచుకుంటుంది, కానీ 4 జీబీ కన్నా పెద్ద ఫైలును తీసుకోదు. వార్షికోత్సవం వీడియో కాపీ మధ్యలో ఆగిపోతే కారణం ఇదే కావచ్చు. ఎన్‌టీఎఫ్‌ఎస్ విండోస్‌ది. మ్యాక్ కంప్యూటరులో చదవగలం కానీ మామూలుగా అందులోకి రాయలేం. ఎక్స్‌ఫ్యాట్ విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ రాయడానికీ చదవడానికీ పనికొస్తుంది.

మా ప్రభుత్వ ల్యాప్‌టాప్‌ల్లో విండోస్‌తో పాటు సీడాక్ తయారు చేసిన బాస్ లినక్స్ కూడా ఉంటుంది. పాత లినక్స్‌లలో ఎక్స్‌ఫ్యాట్ నేరుగా తెరుచుకోకపోవచ్చు. కాబట్టి విండోస్, పాత లినక్స్ వాడే ఇంటికి ఎన్‌టీఎఫ్‌ఎస్, మ్యాక్ కూడా ఉన్న ఇంటికి ఎక్స్‌ఫ్యాట్. ఫార్మాట్ మార్చితే లోపల ఉన్నదంతా చెరిగిపోతుంది. ఆ పని కొన్న రోజే, డిస్కు ఖాళీగా ఉన్నప్పుడే చేసుకోవాలి.

చవకగా వస్తే అనుమానించండి

'16 టీబీ ఎస్‌ఎస్‌డీ' అంటూ వెయ్యి, రెండు వేల రూపాయలకు ఆన్‌లైన్‌లో కనబడితే అది నకిలీ. అలాంటివాటిని విప్పి చూస్తే లోపల ఒక చిన్న మెమొరీ కార్డు మాత్రమే ఉంటుంది. కంప్యూటరుకు 16 టీబీ అని అబద్ధం చెప్పేలా దాన్ని మారుస్తారు. మొదట కొన్ని ఫైళ్లు బాగానే వెళతాయి. అసలు చోటు నిండాక కొత్తవి పాతవాటి మీద పడి రెండూ పోతాయి. పేర్లు మాత్రం కనిపిస్తూనే ఉంటాయి, తెరిస్తే ఏమీ ఉండదు.

పేరున్న కంపెనీ డిస్కును, బిల్లు ఇచ్చే అంగడిలోనే కొనండి. బెంగళూరు ఎస్పీ రోడ్డులో కొన్నా, చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొన్నా డబ్బా మీది సీరియల్ నంబరు, డిస్కు మీది నంబరు ఒకటేనా చూసుకోండి. ఇంటికి రాగానే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో డిస్కు మొత్తాన్ని నింపి చదివించి చూడవచ్చు. పెద్ద డిస్కుకు చాలా గంటలు పడుతుంది. వాపసు గడువు ముగిసేలోగా చేయండి.

వారంటీ గురించి కూడా స్పష్టంగా తెలిసి ఉండాలి. వారంటీ డబ్బాకే, లోపలి ఫైళ్లకు కాదు. మూడేళ్ల వారంటీలో డిస్కు పోతే కొత్త డిస్కు ఇస్తారు, ఖాళీది.

ఒక్క ప్రతి బ్యాకప్ కాదు

ఫొటోగ్రాఫర్లు, కంప్యూటరు నిపుణులు ఎప్పటినుంచో చెప్పే సూత్రం 3-2-1. ముఖ్యమైన దేనికైనా మూడు ప్రతులుండాలి, రెండు వేర్వేరు రకాల సాధనాల మీద ఉండాలి, ఒకటి వేరే చోట ఉండాలి. కొత్త డిస్కు కొని, అందులోకి మార్చి, కంప్యూటరులోవి చెరిపేస్తే మళ్లీ మేమున్న చోటికే వస్తారు.

మా పద్ధతి ఇప్పుడు ఇలా ఉంది. ఒక ప్రతి బడి కంప్యూటరులో. రెండోది బీరువాలోని హార్డ్ డిస్క్‌లో. మూడోది ఒక ఉపాధ్యాయుడి ఇంట్లో, ఎస్‌ఎస్‌డీలో. ప్రతి నెలా మొదటి శనివారం సాయంత్రం ముగ్గురం కూర్చుని కొత్తవి కలుపుతాం. వర్క్‌షీట్లు, ప్రశ్నపత్రాల లాంటి చిన్న ఫైళ్లను గూగుల్ ఖాతాలో ఉచితంగా వచ్చే 15 జీబీలో కూడా ఉంచాం. కాపీ అవగానే డిస్కును కంప్యూటరు నుంచి తీసేస్తాం. ఎప్పుడూ తగిలించి ఉంచితే వైరస్ వచ్చినా, పిడుగు పడి కరెంటు ఎక్కువైనా కంప్యూటరుతో పాటు డిస్కూ పోతుంది.

పిల్లల ఆధార్ ప్రతులు, కుల ధ్రువీకరణ పత్రాలు, మార్కుల జాబితాలు అందరి చేతుల్లో తిరిగే డిస్కులో ఉంచకండి. వాటికి పాస్‌వర్డ్ పెట్టిన వేరే చోటు ఉండాలి.

తెలుగు ఫైళ్లకు ప్రత్యేకంగా ఒక జాగ్రత్త కావాలి. యూనికోడ్ అలవాటు కాకముందు పేజ్‌మేకర్‌లో పాత ఫాంట్లతో టైపు చేసినవి మన బడుల్లో చాలా ఉన్నాయి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే తెలుగుకు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. ఫైలు భద్రంగా ఉన్నా పాఠం చదవలేం. ఆ ఫైళ్లు తెరుచుకునే కంప్యూటరు ఇంకా బతికి ఉండగానే ప్రతిదానికీ ఒక పీడీఎఫ్ తీసి పక్కన పెట్టండి. ఆ ఫాంట్లను కూడా అదే ఫోల్డరులో ఉంచండి. ఇకపై టైపు చేసేవన్నీ యూనికోడ్‌లోనే చేయండి.

రికార్డు చేసిన పాటలకు పాడినవారి పేరు, ఊరు, తేదీ ఫైలు పేరులోనే రాయండి. మా దగ్గర మిగిలిన తొమ్మిది పాటల్లో రెండింటికి 'రికార్డింగ్ 14', 'రికార్డింగ్ 15' అని ఉంది. ఆ పాటలు ఏ ఊళ్లో నేర్చుకుందో చెప్పడానికి అవ్వ ఇప్పుడు లేదు.

వాడేటప్పుడు

- డిస్కు తిరుగుతుండగా జరపవద్దు, ఎత్తవద్దు. టేబుల్ అంచున పెట్టవద్దు.
- తీసే ముందు కంప్యూటరులో 'ఎజెక్ట్' నొక్కి, తీయవచ్చని చెప్పాకే తీయండి.
- మెత్తటి పర్సులో పెట్టి బీరువా మధ్య అరలో ఉంచండి. ఎండ తగిలే కిటికీ పక్కన, తేమ ఉండే గోడ పక్కన వద్దు. యానాం లాంటి ఉక్కపోత ఊళ్లలో మందు సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాన్ని పక్కన పెట్టండి.
- 'టిక్ టిక్' మంటే వెంటనే తీసేయండి. మళ్లీ మళ్లీ తగిలించి చూసిన కొద్దీ గీతలు పెరుగుతాయి. మేము ఆ రోజు ఏడెనిమిది సార్లు తగిలించాం.
- ఏడాదికోసారి పాత ఫైళ్లు నాలుగైదు తెరిచి చూడండి. అయిదేళ్లు దాటిన డిస్కును ఒకే ప్రతికి నమ్ముకోవద్దు.

అంగడిలో అడగాల్సినవి

కొనడానికి వెళ్లేటప్పుడు ఇవి ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి:

1. మా ఇంటి కంప్యూటరు పోర్టు ఏది? (ముందే చూసుకోండి, లేదా ఫోనులో ఫొటో తీసుకెళ్లండి.)
2. ఇది హార్డ్ డిస్కా, ఎస్‌ఎస్‌డీయా?
3. వేగం ఎన్ని గిగాబిట్లు?
4. డిస్కుతో ఏ కేబుల్ వస్తుంది? రెండో వైపు మూతి మా పోర్టులో దూరుతుందా?
5. వేరే అడాప్టరు కావాలా?
6. వారంటీ ఎన్నేళ్లు, సర్వీస్ సెంటరు ఏ ఊళ్లో?
7. పని చేయకపోతే ఎన్ని రోజుల్లోగా మార్చి ఇస్తారు?

తల్లిదండ్రులకు ఒక మనవి. ఇంట్లో కంప్యూటరు లేకపోయినా చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకు టైప్-సి ఎస్‌ఎస్‌డీనో, పెన్‌డ్రైవ్‌నో నేరుగా తగిలించి కాపీ చేసుకోవచ్చు. బడి ఏదైనా పంపితే, పాఠమైనా పాటైనా, చదివాక చెరపకుండా ఒక చోట దాచండి. మాకు పాటలు తిరిగి దొరికింది ఒక తల్లి ఫోనులోనే.

ఈ ఏడాది బడి తెరిచాక ఆరో తరగతిలో ఆ రాగి పాటల్లో ఒకటి వినిపించాం. ఆ అవ్వ మునిమనవడు అదే తరగతిలో ఉన్నాడు. పాట అయ్యాక 'ఇది మా ఇంట్లో గూడా ఉండాది సార్' అన్నాడు. ఇప్పుడు ఆ పాటలు నాలుగు చోట్ల ఉన్నాయి. మీ బడిలో ఒకే చోట ఉన్నవి ఏమిటో ఈ వారం ఒక జాబితా రాయండి. కొనాల్సిన డిస్కు ఎంత పెద్దదో ఆ జాబితానే చెబుతుంది.